ఫ్లోరిన్ల సంఖ్య పెంచితే ఎంఆర్‌ఐ సిగ్నల్ పెరుగుతుందా? ముందు మీ ప్రోబ్‌ను నీళ్లలో కొలవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ట్రైఫ్లోరో గ్రూపులున్న (ఒకే కార్బన్‌కు మూడేసి ఫ్లోరిన్లున్న) పాలిమర్‌ను ప్రోబ్‌గా, అంటే ఎంఆర్‌ఐలో జాడ చూపే పదార్థంగా తయారు చేశారు. డ్యుటెరేటెడ్ క్లోరోఫాం అనే ద్రావకంలో కరిగించి ఎన్ఎంఆర్ (అణువుల్లోని కేంద్రకాల సిగ్నల్ కొలిచే పరీక్ష) తీస్తే ఫ్లోరిన్ పీక్ సూదిలా వచ్చింది. దాన్ని నీళ్లలో నానోకణాలుగా చేసి 9.4 టెస్లా స్కానర్‌లో పెడితే 20 మిల్లీమోలార్ ఫ్లోరిన్ ఉన్న ట్యూబు కూడా గంట స్కాన్ తర్వాత లీలగా కనపడింది, ఎలుకలో అయితే అసలేమీ లేదు. గొలుసులో ఇంకా ఫ్లోరిన్లు చేర్చమని మీ గైడ్ గారు అంటున్నారు, చేర్చాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే చేర్చకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇంకా చేర్చితే సిగ్నల్ తగ్గే అవకాశమే ఎక్కువ. మీ దగ్గర ఫ్లోరిన్ కొరత ఉన్నట్టు లేదు, ఉన్న ఫ్లోరిన్ మాట్లాడలేకపోతోంది. నేను దాదాపు పదిహేనేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, మొదటి మూడేళ్లు సరిగ్గా మీరున్న చోటే ఇరుక్కుపోయాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు లెక్క చూద్దాం. ఫ్లోరిన్-19 కేంద్రకం నిజానికి చాలా మంచిది. ప్రకృతిలో దొరికే ఫ్లోరిన్ 100 శాతం ఇదే ఐసోటోపు, స్పిన్ 1/2, ఒకే అయస్కాంత క్షేత్రంలో ప్రోటాన్‌తో పోలిస్తే ఒక్కో కేంద్రకం సున్నితత్వం 83 శాతం. 9.4 టెస్లాలో ప్రోటాన్ 400 మెగాహెర్ట్జ్ దగ్గరుంటే ఫ్లోరిన్ 376 దగ్గర ఉంటుంది. చిక్కంతా సంఖ్యలో ఉంది. శరీర కణజాలంలో నీటి ప్రోటాన్ల గాఢత సుమారు 80 నుంచి 90 మోలార్. మీ ట్యూబులో ఫ్లోరిన్ 20 మిల్లీమోలార్, అంటే నాలుగు వేల రెట్లకు పైగా తక్కువ. సిగ్నల్‌కీ నాయిస్‌కీ ఉన్న నిష్పత్తి యావరేజిల (మళ్లీ మళ్లీ తీసి కలిపే స్కాన్‌ల) సంఖ్యకు వర్గమూలంగా మాత్రమే పెరుగుతుంది కాబట్టి ఆ తేడాను ఊరికే ఎక్కువసేపు స్కాన్ చేసి పూడ్చడం ఎవరి వల్లా కాదు. రెట్టింపు కావాలంటే నాలుగింతల సమయం, మూడు రెట్లు కావాలంటే తొమ్మిదింతలు. అందుకే ఈ రంగంలో ప్రోబ్ రసాయనశాస్త్రం, రిలాక్సేషన్ (పల్సు తర్వాత కేంద్రకాలు మామూలు స్థితికి వచ్చే తీరు), కాయిల్ (సిగ్నల్ అందుకునే తీగచుట్ట), సీక్వెన్స్ (పల్సుల వరుస) అన్నింట్లోనూ కొంచెం కొంచెం సంపాదించి కలిపి గుణించుకోవాలి.

మరి ఇంత కష్టం ఎందుకు పడుతున్నామంటే, శరీరంలో కనపడే ఫ్లోరిన్ దాదాపు లేదు కాబట్టి. కనపడింది అంటే అది మనం పెట్టిందే. నేను సెమినార్ ఇచ్చిన దాదాపు ప్రతి చోటా, ముఖ్యంగా హైదరాబాద్‌లో, ఒకరు లేచి నల్గొండలో ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ల ఎముకల నిండా ఫ్లోరైడే కదా, వాళ్లను స్కాన్ చేస్తే వెలిగిపోదా అని అడుగుతారు. చాలా మంచి ప్రశ్న, మీ సమస్యకు జవాబు కూడా అందులోనే దాగి ఉంది. వెలగదు. ఎముకలో ఫ్లోరైడ్ ఘనరూపంలో స్ఫటికంలో బిగుసుకుపోయి ఉంటుంది, కదలదు. కదలని కేంద్రకానికి టీ2 (సిగ్నల్ ఆరిపోవడానికి పట్టే సమయం) అతి తక్కువ, సిగ్నల్ మైక్రోసెకండ్లలో ఆరిపోతుంది, మామూలు ఇమేజింగ్ సీక్వెన్స్ వినడం మొదలుపెట్టేసరికి అక్కడ ఏమీ మిగలదు. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి వేరు, అది కరిగి స్వేచ్ఛగా ఉంటుంది, కానీ ఎంత? లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దగ్గర చూసినా 0.08 మిల్లీమోలార్, మనకు అందదు.

ఇప్పుడు మీ పాలిమర్ దగ్గరికి వద్దాం. క్లోరోఫాంలో గొలుసు విడిపోయి, ట్రైఫ్లోరో గ్రూపులు హాయిగా తిరుగుతుంటాయి, టీ2 పొడవుగా ఉంటుంది, పీక్ సన్నగా వస్తుంది. అదే గొలుసును నీళ్లలో వేయగానే ఫ్లోరిన్ భాగాలు నీళ్లను తప్పించుకుని కణం లోపలికి ముడుచుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ లోపలి భాగం దాదాపు గట్టి ప్లాస్టిక్ ముద్దలా ప్రవర్తిస్తుంది. ఎముక కథే, కాస్త తక్కువ తీవ్రతతో. టీ2 ఉదాహరణకు 2 మిల్లీసెకండ్లకు పడిపోయిందనుకోండి. మీ సీక్వెన్స్‌లో మొదటి ఎకో (పల్సు తర్వాత స్కానర్ వినే ప్రతిధ్వని) 6 మిల్లీసెకండ్ల దగ్గర వస్తే అప్పటికి మిగిలేది 5 శాతం, మిగతా 95 శాతం ఎవరూ వినకుండానే పోయింది. టీ2 300 మిల్లీసెకండ్లు ఉంటే అదే ఎకో దగ్గర 98 శాతం ఉంటుంది. అంటే ఈ ఒక్క అంశంలోనే దాదాపు ఇరవై రెట్ల తేడా. గొలుసులో ఫ్లోరిన్లు రెట్టింపు చేస్తే మీకొచ్చేది రెండు రెట్లు, అది కూడా టీ2 అలాగే ఉంటే. కానీ ఫ్లోరిన్ పెరిగేకొద్దీ నీళ్లంటే భయం పెరుగుతుంది, ముద్ద ఇంకా గట్టిపడుతుంది, టీ2 ఇంకా పడిపోతుంది.

ఇది తేల్చుకోవడానికి స్కానర్ కూడా అక్కర్లేదు, మీ ఎన్ఎంఆర్ యంత్రం చాలు. నానోకణాలను నీళ్లలోనే, ఇంకా మంచిది సీరంలో, 37 డిగ్రీల దగ్గర పెట్టండి. గాఢత కచ్చితంగా తెలిసిన సోడియం ట్రైఫ్లోరోఅసిటేట్‌ను సన్నని గాజు గొట్టంలో వేసి, మూసి, అదే ట్యూబులో దించండి. రెండు పీక్‌ల కింది వైశాల్యాలు పోల్చండి, రెండూ పూర్తిగా కోలుకునేంత విరామం పల్సుల మధ్య ఇచ్చి తీయండి. మీరు తూచి వేసిన ఫ్లోరిన్‌లో ఎంత శాతం నిజంగా కనపడుతోందో బయటపడుతుంది. నేను చూసిన పాలిమర్లలో కొన్నిటికి అది పావు వంతు కూడా లేదు. ఈ ఒక్క సంఖ్య లేకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా చీకట్లో బాణమే. తర్వాత టీ1 (పల్సు తర్వాత అయస్కాంతీకరణ కోలుకోవడానికి పట్టే సమయం), టీ2 రెండూ కొలవండి. పీక్ వెడల్పు చూసి టీ2 అంచనా వేసుకోకండి, షిమ్మింగ్ (అయస్కాంత క్షేత్రాన్ని అంతటా ఒకేలా సర్దడం) సరిగ్గా లేకపోయినా వెడల్పు పెరుగుతుంది, ఎకో పద్ధతిలోనే కొలవండి.

కనపడే శాతం తక్కువగా ఉంటే మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఫ్లోరిన్ గ్రూపుల మధ్య నీళ్లను ఇష్టపడే భాగాలు, ఇథిలీన్ గ్లైకాల్ పక్కగొలుసుల వంటివి, ఎక్కువగా ఇరికించి అవి గుంపుకట్టకుండా చూడటం. అంటే ఫ్లోరిన్ శాతాన్ని తగ్గించడం. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ పనిచేస్తుంది, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ విట్టేకర్ బృందం చాలా ఏళ్లుగా పాలిమర్ ప్రోబ్‌లలో గొలుసు కదలిక గురించే పని చేసింది. రెండోది, పాలిమర్ ఆలోచన పక్కనపెట్టి ద్రవరూప పెర్‌ఫ్లోరోకార్బన్‌ను (హైడ్రోజన్ల చోట ఫ్లోరిన్లున్న కార్బన్ సమ్మేళనాన్ని) చిన్న చుక్కలుగా ఎమల్షన్ చేయడం. లోపలున్నది ద్రవమే కాబట్టి చుక్క ఎంత చిన్నదైనా అణువులు స్వేచ్ఛగానే తిరుగుతుంటాయి. నిజాయితీగా చెప్పాలంటే, ఎలుకలో బొమ్మ రావడమే మీ లక్ష్యమైతే నేను రెండో దారే ఎంచుకుంటాను.

ఎమల్షన్‌లోకి వచ్చాక ఏ అణువు అన్నది పెద్ద ప్రశ్న, ఇక్కడ కూడా సంఖ్య మోసం చేస్తుంది. పెర్‌ఫ్లోరోఆక్టిల్ బ్రోమైడ్‌లో 17 ఫ్లోరిన్లున్నాయి, కానీ అవి ఒకే చోట పలకవు. చివరి ట్రైఫ్లోరో గ్రూపు ఒక చోట, బ్రోమిన్ పక్కనున్న రెండూ ఇంకో చోట, మధ్యలోవి వేరే చోట, ఇలా పదుల పీపీఎం (ఫ్రీక్వెన్సీలో పది లక్షల్లో ఒక వంతు) దూరంలో చెల్లాచెదురుగా పీక్‌లు వస్తాయి. అన్నింటినీ ఒకేసారి ఇమేజ్ చేస్తే ఒకే వస్తువు పక్కపక్కన జరిగిన నాలుగైదు నీడల్లా పడుతుంది, ఒక్క పీక్‌నే ఎంచుకుంటే మిగతావన్నీ వృథా. పెర్‌ఫ్లోరో-15-క్రౌన్-5-ఈథర్‌లో 20 ఫ్లోరిన్లు, అన్నీ సమానం, మైనస్ 92 పీపీఎం దగ్గర ఒకే పీక్. స్వచ్ఛమైన ద్రవంలో ఫ్లోరిన్ గాఢత 60 మోలార్ దాకా ఉంటుంది. అందుకే ప్రయోగశాలల్లో అందరూ దీని వెంట పడ్డారు. 2008లో జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్‌లో ఉల్రిచ్ ఫ్లోగెల్ బృందం దీని ఎమల్షన్‌ను ఎలుకల రక్తంలోకి ఎక్కించి, గుండెలోనూ మెదడులోనూ దెబ్బతిన్న చోటికి మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు దాన్ని మోసుకెళ్లడం చూపించింది. వాపు ఉన్న చోట మాత్రమే వెలుగు. ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నేను ఈ రంగం వదలకూడదని నిర్ణయించుకున్నాను.

మిలాన్ పాలిటెక్నిక్‌లో పియరాంజెలో మెట్రాంగోలో బృందం 2014లో 36 సమాన ఫ్లోరిన్లున్న అణువును ప్రకటించింది, పేరు పెర్‌ఫెక్టా. ఇలాంటి డిజైన్‌ల గురించి తప్పకుండా చదవండి, ఫ్లోరిన్లు పెంచాలంటే ఎలా పెంచాలో అక్కడ తెలుస్తుంది, అన్నీ ఒకే పీక్‌లోకి వచ్చేలా. క్రౌన్ ఈథర్‌కు ఒక పెద్ద లోపం కూడా ఉంది, ఎలుక కాలేయంలో నెలల తరబడి ఉండిపోతుంది. పెర్‌ఫ్లోరోఆక్టిల్ బ్రోమైడ్ చాలా త్వరగా పోతుంది. కాబట్టి అదే ఎలుకను మళ్లీ మళ్లీ ఇంజెక్షన్ ఇచ్చి స్కాన్ చేయాలనుకుంటే పాత డోసు సిగ్నల్ కొత్తదాన్ని కప్పేస్తుంది, మనుషుల్లో వాడాలన్న ఆలోచన ఉంటే ఇంకా పెద్ద అడ్డంకి.

ఇక టీ1. కొత్తవాళ్లు దీన్ని పట్టించుకోరు, కానీ గంటలో ఎన్నిసార్లు వినగలమన్నది దీని చేతిలోనే ఉంది. టీ1 ఒక సెకండు ఉంటే ప్రతి పల్సు తర్వాత అయస్కాంతీకరణ కోలుకునేదాకా కూర్చోవాలి. సరైన ఫ్లిప్ కోణం (పల్సు అయస్కాంతీకరణను వంచే కోణం) పెట్టుకుని గ్రేడియెంట్ ఎకో సీక్వెన్స్ తీస్తే, అదే సమయంలో వచ్చే సిగ్నల్ నాణ్యత టీ1కు వర్గమూలంగా విలోమంగా మారుతుంది. టీ1ని సెకండు నుంచి 100 మిల్లీసెకండ్లకు తగ్గించగలిగితే సుమారు 3.2 రెట్ల లాభం, అంటే పది గంటల పని గంటలో అవుతుంది. దీనికి ఊపిరితిత్తుల ఇమేజింగ్ చక్కని ఉదాహరణ. కెనడాలోనూ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పెర్‌ఫ్లోరోప్రొపేన్ వాయువులో ఆక్సిజన్ కలిపి పీల్పించి మనుషుల ఊపిరితిత్తులు స్కాన్ చేస్తున్నారు. వాయువు కాబట్టి గాఢత చాలా తక్కువ, అయినా బొమ్మ ఎలా వస్తోందంటే దాని టీ1 సుమారు 12 మిల్లీసెకండ్లే, పది సెకండ్లు ఊపిరి బిగబట్టిన కాసేపట్లోనే వందలసార్లు వినొచ్చు.

టీ1 తగ్గించడానికి పారామాగ్నెటిక్ లోహం (జత లేని ఎలక్ట్రాన్లున్న, గెడోలీనియం, ఇనుము వంటిది) వాడాలని మీకు తట్టే ఉంటుంది. ఇక్కడ జాగ్రత్త. ప్రభావం దూరానికి ఆరో ఘాతంతో పడిపోతుంది, కణం పైపొరకు గెడోలీనియం అతికిస్తే లోపలి ఫ్లోరిన్‌కు అందేది కొంతే. మరీ దగ్గరగా పెడితే టీ2ను తినేస్తుంది, ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కున్నట్టు. నాకు చాలా నచ్చిన పరిష్కారం అమెరికాలో ఎరిక్ ఆరెన్స్ బృందం 2016లో చూపించింది. ఫ్లోరినేటెడ్ బీటా-డైకీటోన్‌లతో ఇనుమును పట్టి, ఆ కాంప్లెక్స్‌ను నేరుగా పెర్‌ఫ్లోరో ద్రవంలోనే కరిగించారు. లోహం ఫ్లోరిన్ పక్కనే ఉంటుంది, టీ1 బాగా తగ్గుతుంది, పీక్ వెడల్పు మాత్రం గెడోలీనియంతో అయినంతగా పెరగదు. గెడోలీనియంను ఇంకోలా తెలివిగా వాడింది జపాన్‌లో ఒసాకాకు చెందిన కజుయా కికుచి బృందం. ఫ్లోరిన్‌నూ గెడోలీనియంనూ చిన్న పెప్టైడ్‌తో కట్టి సిగ్నల్‌ను కావాలనే ఆర్పేశారు, కాస్పేస్-3 ఎంజైమ్ ఆ పెప్టైడ్‌ను కోసినప్పుడు మాత్రం వెలుగుతుంది. మీది అలాంటి స్విచ్ ప్రోబ్ కాదు కాబట్టి ప్రస్తుతానికి దాని జోలికి వెళ్లకండి.

ఆక్సిజన్ గురించి ఒక్క మాట. పెర్‌ఫ్లోరోకార్బన్‌లు ఆక్సిజన్‌ను బాగా కరిగించుకుంటాయి, కరిగిన ఆక్సిజన్ కూడా పారామాగ్నెటిక్కే, దాని పీడనంతో పాటే 1/టీ1 సరళరేఖలో పెరుగుతుంది. బల్ల మీద గాలి తగిలే ట్యూబులో కొలిచిన టీ1 వేరు, ఆక్సిజన్ తక్కువగా ఉండే కణజాలంలో టీ1 వేరు, అక్కడ ఎక్కువ. ట్యూబు చూసి పెట్టుకున్న సెట్టింగులతో ఎలుకను స్కాన్ చేస్తే ఏమీ చేయకుండానే కొంత సిగ్నల్ పోగొట్టుకుంటారు.

కాయిల్ విషయానికొస్తే, మీరు వాడుతున్నది 376 దగ్గర విడిగా ట్యూన్ చేసినదా, లేక రెండు ఫ్రీక్వెన్సీలకూ సర్దుబాటు చేసిన పెద్ద వాల్యూమ్ కాయిలా అన్నది మీరు రాయలేదు. ఎలుక తల కోసం శరీరం పట్టే కాయిల్ వాడుతుంటే చిన్న సర్ఫేస్ కాయిల్‌కు మారడమే మీ మొదటి పెద్ద లాభం కావచ్చు. బెర్లిన్‌లోని మాక్స్ డెల్‌బ్రుక్ సెంటర్‌లో సోనియా వైచీస్, థొరాల్ఫ్ నీండార్ఫ్ బృందం 2017లో ఫ్లోరిన్ కోసం క్రయోజెనిక్ (నాయిస్ తగ్గేలా బాగా చల్లబరిచిన) కాయిల్ కట్టి, మామూలు కాయిల్‌తో పోలిస్తే 15 రెట్ల దాకా మెరుగుదల చూపించింది. సమయం లెక్కలో అది రెండు వందల రెట్లకు పైనే. అందరికీ అంత ఖర్చు కుదరదు, తెలుసు. కానీ పల్సు క్యాలిబ్రేషన్ ఉచితం. చాలామంది ప్రోటాన్ మీద క్యాలిబ్రేట్ చేసి ఫ్లోరిన్‌కు అదే అంచనా వేసేస్తారు. క్రౌన్ ఈథర్ లేదా ట్రైఫ్లోరోఅసిటేట్ నింపిన ట్యూబును ఎలుక పక్కనే పెట్టి, దాని మీద ఫ్లోరిన్ ఫ్రీక్వెన్సీలోనే 90 డిగ్రీల పల్సు వెతకండి. తర్వాత గాఢత లెక్కించడానికీ అదే ట్యూబు పనికొస్తుంది.

ఇప్పుడు మీరు ఎలుకలోకి వెళ్లేముందు కచ్చితంగా తెలుసుకోవాల్సిన సంగతి. ఎలుకకు మత్తు ఏమిస్తున్నారు? ఐసోఫ్లురేన్ అయితే ఆ అణువులోనే ఐదు ఫ్లోరిన్లున్నాయి, కొవ్వులో చేరి ఆగుతుంది, దాని పీక్‌లు క్రౌన్ ఈథర్‌కు పెద్ద దూరంలో కూడా ఉండవు. నా పీహెచ్‌డీలో రెండు వారాల పాటు ఎలుక చర్మం కింద కనపడిన ఒక మచ్చను మా ప్రోబే అనుకుని బొమ్మల మీద బొమ్మలు తీశాం. చివరికి ప్రోబ్ ఇవ్వని ఎలుకను అదే సీక్వెన్స్‌తో స్కాన్ చేస్తే అదే చోట అదే మచ్చ. ఆ రోజు పడిన బాధ ఇంకా గుర్తుంది, అందుకే మా ల్యాబులో ఇప్పుడు ప్రోబ్ లేని ఎలుక స్కాన్ లేకుండా ఏ డేటానీ ఒప్పుకోము. కుదిరితే కెటమిన్-జైలజీన్‌కు మారండి, వాటిలో ఫ్లోరిన్ లేదు, ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. అల్ట్రాషార్ట్ ఎకో (పల్సు అయిన వెంటనే వినే) సీక్వెన్స్‌లు వాడితే ఇంకో దొంగ బయటపడుతుంది: కాయిల్‌లో, కేబుళ్లలో, ట్యూబుకు చుట్టిన తెల్లటి టేపులో ఉండే టెఫ్లాన్. మామూలుగా కనపడని ఘన ఫ్లోరిన్ అప్పుడు కనపడుతుంది.

సీక్వెన్స్ గురించి ఎక్కువ రాయను, అది టీ1, టీ2 తెలిశాక తేలే విషయం. టీ2 పొడవుగా ఉంటే రేర్ (ఒక్క పల్సు తర్వాత వరసగా చాలా ఎకోలు వినే సీక్వెన్స్), అతి తక్కువైతే అల్ట్రాషార్ట్ ఎకో, టీ1, టీ2 రెండూ దగ్గరగా ఉంటే బ్యాలెన్స్‌డ్ ఎస్ఎస్ఎఫ్‌పీ అనే వేగవంతమైన సీక్వెన్స్. ప్రోటాన్ బొమ్మంత రిజల్యూషన్ మాత్రం ఆశించకండి. ఫ్లోరిన్‌ను పెద్ద వోక్సెల్‌తో (బొమ్మలోని చిన్న ఘనపు గడితో) తీసి, సన్నని ప్రోటాన్ బొమ్మ మీద రంగుగా పరుచుకోవాలి, వోక్సెల్ అంచు ప్రతి వైపూ రెట్టింపైతే సిగ్నల్ ఎనిమిది రెట్లు. ఫ్లోరిన్ బొమ్మ చాలావరకు ఖాళీగా, అక్కడక్కడ మచ్చలతో ఉంటుంది కాబట్టి కంప్రెస్డ్ సెన్సింగ్ (తక్కువ కొలతల నుంచి బొమ్మ కట్టే పద్ధతి) దీనికి బాగా నప్పుతుంది. మాగ్నిట్యూడ్ బొమ్మలో (సిగ్నల్ పరిమాణం మాత్రమే చూపే బొమ్మలో) నాయిస్ సగటు సున్నా కాదని మరిచిపోకండి, నాయిస్‌కు కాస్త పైనున్న వోక్సెల్‌ల నుంచి గాఢత లెక్కిస్తే ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది.

ఎంత సిగ్నల్ సరిపోతుందో అంచనాకు ఒక కొలత చెప్తాను. ఒక్కో జీవకణానికి లక్ష కోట్ల ఫ్లోరిన్ పరమాణువులు ఎక్కించగలిగారనుకోండి, అది సాధ్యమైన స్థాయే. అలాంటివి పది వేల కణాలు ఒక ఘన మిల్లీమీటరులో ఉంటే ఫ్లోరిన్ గాఢత సుమారు 17 మిల్లీమోలార్ అవుతుంది. అంటే మీ 20 మిల్లీమోలార్ ట్యూబు దాదాపు ఆ పరిస్థితికి నమూనా, అది స్పష్టంగా కనపడేదాకా ఎలుక జోలికి వెళ్లొద్దు. ఆరెన్స్ బృందం ఎలుకలో డెండ్రిటిక్ కణాలను (ఒక రకం రోగనిరోధక కణాలను) ఇలా గుర్తించింది 2005లో. మనుషుల్లో మొదటి ఫలితం 2014లో వచ్చింది, పెద్దపేగు క్యాన్సర్ రోగులకు ఇచ్చిన టీకా కణాలను 3 టెస్లా స్కానర్‌లో చూశారు, కోటి కణాల మోతాదు ఇస్తే కనపడింది, ఒక రోజు తర్వాత సిగ్నల్ దాదాపు సగమైంది. మధ్యలో తొమ్మిదేళ్లు. మీకు ఆరు నెలలు వృథా అయినట్టు అనిపిస్తోందని రాశారు కదా, టెన్షన్ పడకండి, ఈ రంగంలో అది మామూలే.

మీ గైడ్ గారితో మాట్లాడేటప్పుడు కొత్త సింథసిస్ వద్దు అని మొదలుపెట్టకండి. ఒక వారం అడగండి. సీరంలో 37 డిగ్రీల దగ్గర కనపడే శాతం, టీ1, టీ2 కొలవండి, పక్కనే అదే ఫ్లోరిన్ గాఢతలో క్రౌన్ ఈథర్ ఎమల్షన్ ట్యూబు పెట్టి అదే కాయిల్‌లో అదే సీక్వెన్స్‌తో స్కాన్ చేయండి. క్రౌన్ ఈథర్ వెలిగి మీది వెలగకపోతే తప్పు ప్రోబ్‌లో ఉంది. రెండూ వెలగకపోతే కాయిల్‌నో, క్యాలిబ్రేషన్‌నో పట్టుకోవాలి, అప్పుడు ఏ రసాయనశాస్త్రమూ సాయం చేయదు. ఆ మూడు సంఖ్యలూ, కాయిల్ రకం, మీ ఎకో సమయం, రిపిటీషన్ సమయం (పల్సుకూ పల్సుకూ మధ్య విరామం) ఇక్కడ రాయండి, సీక్వెన్స్ సెట్టింగులు కూర్చుని చూద్దాం.